ఆధార్ ఇచ్చే ముందు ఒక్క కాల్

చాలా ఇళ్లలో ఒక పాత ఫోన్ ఉంటుంది. బటన్ ఫోనో, తొలినాళ్ల టచ్ ఫోనో. బీరువా అడుగు అరలోనో, టీవీ కింద సొరుగులోనో పడుంటుంది. ఒకరోజు దానికి మళ్లీ పని పడుతుంది. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మమ్మకి ఇవ్వాలి. లేదా పొలం దగ్గర మోటారు చూసుకునే మనిషి చేతిలో ఒక ఫోన్ ఉండాలి. ఫోన్ ఎలాగూ ఉంది, సిమ్ ఒకటి తెస్తే చాలనుకుంటారు. బజారుకెళ్తారు. ఆధార్ ఇస్తారు, వేలిముద్ర వేస్తారు, ఫోటో దిగుతారు, రీచార్జి కూడా చేయిస్తారు. ఇంటికొచ్చి సిమ్ పెడతారు. తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క కనపడుతుంది. కాల్ మాత్రం పోదు. ఇక ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. సిమ్ పాడైందని ఒక పార్టీ. ఫోన్ పనైపోయిందని రెండో పార్టీ. చాలాసార్లు ఈ రెండు తీర్పులూ తప్పే. సిమ్ శుభ్రంగా ఉండొచ్చు. ఫోన్ కూడా శుభ్రంగా ఉండొచ్చు. అయినా ఆ రెండింటికీ పొసగకపోవచ్చు. ఆ పొసగకపోవడం డబ్బు కట్టాక కాదు, కట్టకముందే తెలుసుకోవాలి. దానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కొత్త సిమ్ కోసం ఆధార్ ఇచ్చే ముందు, అదే కంపెనీది, ఇప్పటికే నడుస్తున్న సిమ్ ఒకటి ఆ పాత ఫోనులో పెట్టి ఒక కాల్ చేసి చూడండి. కాల్ పోతే కొనండి. పోకపోతే ఆగండి. ఈ పూట చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క గురించే.

అసలు సిమ్‌లో ఏముంటుందో ముందు చూద్దాం. మీ ఫోన్ నంబరు సిమ్‌లో ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ నంబరు కంపెనీ కంప్యూటర్లో ఉంటుంది. సిమ్‌లో ఉండేవి ముఖ్యంగా రెండు. ఒకటి, 15 అంకెల గుర్తింపు సంఖ్య. మన దేశపు సిమ్ములకి అది 404తోనో 405తోనో మొదలవుతుంది. రెండోది, ఒక రహస్య సంఖ్య. అది సిమ్ లోపలి నుంచి ఎప్పుడూ బయటికి రాదు. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ ఒక లెక్క ఇస్తుంది. సిమ్ ఆ రహస్య సంఖ్యతో లెక్క చేసి జవాబు మాత్రం పంపుతుంది. జవాబు సరిపోతే మీరు లోపలికి వచ్చినట్టు. అందుకే సిమ్ పోయినా అదే నంబరుతో కొత్త సిమ్ ఇవ్వగలుగుతున్నారు. పాత గుర్తింపు తీసేసి, కొత్త గుర్తింపుని మీ నంబరుకి తగిలిస్తారు, అంతే. ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. 1991లో జర్మనీలోని మ్యూనిక్‌లో గీసెకే అండ్ డెవ్రియెంట్ అనే సంస్థ మొదటి సిమ్ కార్డులు తయారుచేసింది. ఫిన్లాండ్‌లోని రేడియోలిన్యా అనే ఫోన్ కంపెనీకి 300 కార్డులు అమ్మింది. అప్పటికీ ఇప్పటికీ సిమ్ చేసే ముఖ్యమైన పని మారలేదు. నేను ఫలానా అని నిరూపించుకోవడం. ఆ పైన మాట్లాడే పని ఫోనుదీ టవరుదీ. ఈ సంగతి గుర్తుంటే సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

జనం ముందు అనుమానించేది సైజుని. కొత్త సిమ్ గోరంత ఉంటుంది, పాత ఫోనులో గూడు పెద్దది, ఎలా సరిపోతుందని. ఇది కళ్లకి కనపడే తేడా కాబట్టి దీనికి లేనిపోని ప్రాముఖ్యం వచ్చింది. మొదటి సిమ్ములు ఏటీఎం కార్డంత ఉండేవి. తర్వాత 25 మిల్లీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉండే సిమ్ వచ్చింది. పాత బటన్ ఫోన్లలో ఉండేది అదే. ఆ తర్వాత మైక్రో, 2012లో నానో. ఇన్నిసార్లు తగ్గించింది చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నే. మధ్యలో బంగారు రంగు బిళ్ల చేసే పని మాత్రం మారలేదు. అందుకే ఇప్పుడొచ్చే సిమ్ కార్డుకి మూడు సైజుల గీతలూ ఉంటాయి, మీకు కావాల్సిన సైజు దగ్గర విరుచుకోవచ్చు. పాత ఫోనైతే పెద్ద సైజు దగ్గరే ఆగండి, గోరంత ముక్కని విడదీయకండి. ఇప్పటికే విడదీసుంటే అడాప్టర్ అనే ప్లాస్టిక్ చట్రం దొరుకుతుంది. కాకపోతే ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. పెద్ద సిమ్ మందం 0.76 మిల్లీమీటర్లు. నానో మందం 0.67. తేడా వెంట్రుకవాసే. కానీ ఫోన్ లోపలి పిన్నులు అరిగిపోయి ఉంటే ఆ వెంట్రుకవాసికే సిమ్ తగలకుండా పోతుంది. వెనకవైపు చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు. గమ్ మాత్రం వద్దు. సిమ్ లేకుండా ఉత్త అడాప్టర్‌ని ఫోనులో దూర్చొద్దు. పిన్నులు దాని రంధ్రంలో చిక్కుకుని వంగిపోతాయి. అప్పుడు మాత్రం నిజంగానే ఫోన్ పాడవుతుంది. ఇంతకుమించి సైజు గురించి బెంగ అక్కర్లేదు.

అసలు చిక్కు కంటికి కనపడని చోట ఉంది. రైలు పట్టాలతో పోల్చి చెప్తాను. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే లైను మీద ఒకప్పుడు మీటరు గేజి రైళ్లు నడిచేవి. తర్వాత దాన్ని బ్రాడ్ గేజి చేశారు. పట్టాల మధ్య ఒక మీటరు ఉండే ఎడం 1676 మిల్లీమీటర్లయింది. మీటరు గేజి పెట్టె ఎంత గట్టిగా ఉన్నా ఆ పట్టాల మీద కదలదు. ప్రయాణికుడి చేతిలో టికెట్ అసలైనదే. పెట్టెకి తుప్పు పట్టలేదు. మారింది పట్టాలు. మన లెక్కలో సిమ్ టికెట్, ఫోన్ పెట్టె, టవరు నుంచి వచ్చే సిగ్నల్ పట్టాలు. మన దేశంలో మొదటి సెల్ ఫోన్ కాల్ 1995 జులై 31న పోయింది. కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అది 2జీ. ఆ తర్వాత 3జీ, 4జీ వచ్చాయి, 2022 అక్టోబరులో 5జీ మొదలైంది. కొత్తది వచ్చినప్పుడు పాతది వెంటనే పోదు. అలాగని ఎప్పటికీ ఉండదు. పైగా ఒక్కో కంపెనీ ఒక్కోలా చేసింది. జియో 2016 సెప్టెంబరులో వచ్చింది. వస్తూనే 4జీతో వచ్చింది. దానికి 2జీ, 3జీ ఏనాడూ లేవు. కాబట్టి జియో సిమ్ పాత 2జీ బటన్ ఫోనులో పనిచేయదు. సిమ్ మార్చినా పనిచేయదు. ఫోన్ బాగుచేయించినా పనిచేయదు. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని తీసేసింది, 2జీని మాత్రం ఉంచుకుంది. వొడాఫోన్ ఐడియా కూడా ఇంచుమించు అదే దారి పట్టింది. బీఎస్ఎన్ఎల్ సొంత 4జీ 2025 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది.

ఇందులో ఒక తమాషా ఉంది. 2012లో పెద్ద డబ్బు పోసి కొన్న 3జీ టచ్ ఫోన్, 3జీ లేని కంపెనీ సిమ్ పెడితే ఇవాళ 2జీ ఫోనుగానే బతుకుతుంది. అంతకన్నా పదేళ్ల ముందు కొన్న చవక బటన్ ఫోన్ మాత్రం అప్పుడెలా మాట్లాడిందో ఇప్పుడూ అలాగే మాట్లాడుతుంది. పెద్దకొడుకు ఉన్నాడు, నడిపివాడు వెళ్లిపోయాడు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. కోట్ల మంది బటన్ ఫోన్లతో మాట్లాడుకునేది 2జీ మీదే. కొన్ని దుకాణాల్లో కార్డు గీకే యంత్రాల వంటివి కూడా దాని మీదే నడుస్తాయి. 3జీ ముఖ్యంగా ఇంటర్నెట్ కోసం వచ్చింది, ఆ పని 4జీ అంతకన్నా బాగా చేస్తుంది. అంచేత పాత ఫోన్ అంటే పనికిరాని ఫోన్ అని వయసు చూసి తేల్చేయకూడదు. ఎంత పాతది అనే ప్రశ్న మనకి ఉపయోగపడదు. ఏ కంపెనీ సిగ్నల్‌తో దానికి పొసగుతుంది అనేదే ప్రశ్న. జవాబు పెట్టె మీద రాసుండదు, పెట్టె ఎప్పుడో పారేసుంటారు. కాబట్టి మళ్లీ అదే మాట. నడుస్తున్న సిమ్ పెట్టి ఒక కాల్ చేయండి. అది చాలు.

మాది 4జీ ఫోనే, మాకు ఈ గొడవ లేదు అంటారా. ఉంది. 4జీ ఫోన్ అంటే ఇంటర్నెట్ 4జీలో వస్తుందని మాత్రమే హామీ. మాట కూడా 4జీలో పోవాలంటే వోల్టే అనే సౌకర్యం ఫోనులో ఉండాలి. 4జీ వచ్చిన తొలి రోజుల్లో అమ్మిన చాలా ఫోన్లలో అది లేదు. అలాంటి ఫోనులో ఎయిర్‌టెల్ సిమ్ పెడితే, కాల్ చేసేటప్పుడు ఫోన్ 2జీకి దిగి మాట్లాడి, మళ్లీ పైకెక్కుతుంది. జియో సిమ్ పెడితే దిగడానికి కింద మెట్టు లేదు. ఇంటర్నెట్ వస్తుంది, మామూలు కాల్ పోదు. ఇంకో తిరకాసు కూడా చూడండి. ఆ రోజుల్లో రెండు సిమ్ముల ఫోన్లు కొన్నిటిలో మొదటి గూటికే 4జీ ఉండేది. రెండో గూడు 2జీకి మాత్రమే. సిమ్‌ని రెండో గూట్లో పెట్టి ఫోన్ పనిచేయట్లేదని పక్కన పారేసినవాళ్లు ఉంటారు. గూడు మార్చి చూడడానికి అర నిమిషం పట్టదు. ఇది మన దేశానికే పరిమితమైన గొడవ కాదు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర 3జీ ఆపేశారు. అప్పుడు కొన్ని 4జీ ఫోన్లు కూడా ఆగిపోయాయి. మామూలు కాల్స్ 4జీలో చేసే ఫోన్లే. కానీ అత్యవసర కాల్ వచ్చేసరికి 3జీ మీద ఆధారపడేవి. ఆపదలో కాల్ చేయలేని ఫోన్లని నెట్‌వర్క్‌లోకి రానివ్వకూడదని అక్కడి నిబంధన. చేతిలో ఉన్నది 4జీ ఫోన్ అన్న నమ్మకం ఒక్కటే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తోంది కదా.

విదేశాల మాట వచ్చింది కాబట్టి, మన ఇళ్లలో మామూలుగా జరిగే సంగతి ఒకటి. అమెరికాలో ఉన్న అబ్బాయి తన పాత ఫోన్ అమ్మానాన్నలకి పంపుతాడు. లేదా అమ్మానాన్నలు ఇక్కడి బటన్ ఫోన్ పట్టుకుని అక్కడికి వెళ్తారు. రెండు దారుల్లోనూ ముళ్లున్నాయి. అక్కడ ఏటీ అండ్ టీ 2017 మొదట్లోనే 2జీ ఆపేసింది, 2022లో 3జీ కూడా ఆపేసింది. మన 2జీ ఫోనుకి ఆ నెట్‌వర్క్‌లో సిగ్నలే లేదు. ఇటువైపు వచ్చే ఫోనుకి తాళం ఉండొచ్చు. అక్కడ వాయిదాల మీద కొన్న ఫోన్లు చాలావరకు కొన్న కంపెనీ సిమ్ తప్ప ఇంకో సిమ్ ఒప్పుకోవు. మన సిమ్ పెట్టగానే అన్‌లాక్ కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ ఇవ్వాల్సింది అక్కడి కంపెనీయే, మన వీధి చివర దుకాణం కాదు. కాబట్టి అబ్బాయి అక్కడ ఉండగానే తాళం తీయించి పంపమనండి. మన దగ్గరా ఒకప్పుడు సిమ్ గూడే లేని సీడీఎంఏ ఫోన్లు ఇంటింటికీ చేరాయి. సొరుగులోంచి బయటపడ్డది అదైతే పరీక్ష కూడా అనవసరం. తక్కువ ధరకి వచ్చిన పాత ఫోన్లలో మరో జబ్బుంటుంది. ప్రతి ఫోనుకీ 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉండాలి. అది లేని ఫోన్లకి మన ప్రభుత్వం 2009 చివర్లోనే సేవలు ఆపించింది. మీ ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. మళ్లీ చెప్తున్నాను. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్. సంఖ్య కనపడితే మంచిదే. అన్నీ సున్నాలే కనపడితే ఆ ఫోన్ మీద ఇంకో రూపాయి పెట్టకండి.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చూద్దాం. ఏ కంపెనీ సిమ్ తీసుకోవాలనుకుంటున్నారో ఆ కంపెనీ సిమ్ వాడుతున్నవాళ్లని ఒకరిని పట్టుకోండి. పాత ఫోన్ ఆపేయండి. చాలా బటన్ ఫోన్లలో సిమ్ గూడు బ్యాటరీ కింద ఉంటుంది, కాబట్టి ఎలాగూ ఆపాలి. గూట్లో బంగారు రంగు పిన్నుల మీద దుమ్ముంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. సిమ్ పెట్టండి. ఫోన్ ఆన్ చేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. తెర మీద కంపెనీ పేరు వచ్చినంత మాత్రాన పాసైనట్టు కాదు. ఒక కాల్ చేయండి. ఒక కాల్ రప్పించుకోండి. రెండు నిమిషాలు మాట్లాడండి. ఇంకో ముఖ్యమైన సంగతి. పరీక్ష ఆ ఫోన్ వాడబోయే చోట జరగాలి. పట్నంలో దుకాణం ముందు సిగ్నల్ నిండుగా ఉంటుంది. అమ్మమ్మ ఉండేది ఊరి చివర ఇంట్లో. అక్కడి టవరు వేరు. అందుకని దుకాణంలో చేసే పరీక్ష కన్నా, అమ్మమ్మ పక్కింటివాళ్ల సిమ్ అడిగి చేసే పరీక్ష విలువైనది. పక్కింటివాళ్లు ఇస్తారా అని సందేహం రావొచ్చు. సందేహం న్యాయమైనదే. ఇవాళ సిమ్‌తో బ్యాంకు ముడిపడి ఉంది. టచ్ ఫోనులోంచి సిమ్ తీస్తే డబ్బు పంపే యాప్‌లు కొన్ని మళ్లీ మొదటినుంచి నమోదు చేసుకోమంటాయి. కాబట్టి బటన్ ఫోన్ వాడేవాళ్ల సిమ్ అడగండి. వాళ్ల కళ్లముందే పెట్టి, వాళ్ల ముందే తీసి ఇచ్చేయండి. అపరిచితులు వచ్చి మీ సిమ్ అడిగితే మాత్రం ఇవ్వకండి.

సిమ్ ఇప్పటికే కొనేశారా. అయితే పరీక్షని రెండువైపులా తిప్పండి. మీ కొత్త సిమ్‌ని బాగా పనిచేస్తున్న ఇంకో ఫోనులో పెట్టండి. అక్కడ పనిచేస్తే సిమ్ నిర్దోషి. అక్కడా పనిచేయకపోతే పాత ఫోన్ జోలికి వెళ్లకండి, కంపెనీ దగ్గరికి వెళ్లండి. ఆ ఇంగ్లీషు ముక్కలు కూడా ఊరికే రావు. ఇన్సర్ట్ సిమ్ అనో, నో సిమ్ అనో వస్తే ఫోనుకి అసలు సిమ్ తగలలేదని అర్థం. సైజు, పిన్నులు, దుమ్ము చూసుకోండి. మరీ పాత, అంటే తొంభైల నాటి ఫోనైతే కొత్త సిమ్‌ని చదవలేకపోవచ్చు. అప్పటి ఫోన్లు సిమ్‌కి 5 వోల్టులు ఇచ్చేవి, ఇప్పటి సిమ్ములు 3 వోల్టులకీ 1.8కీ చేసినవి. నో సర్వీస్ అనో, ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అనో వస్తే సంగతి వేరు. ఫోన్ సిమ్‌ని చూసింది, నెట్‌వర్క్ దొరకలేదు, లేదా రానివ్వలేదు. పట్టాలు సరిపోకపోవచ్చు, లేదా సిమ్ ఇంకా మొదలై ఉండకపోవచ్చు. సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపికని ఎవరో మాన్యువల్‌లో పెట్టి వదిలేసి ఉండొచ్చు, దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి. కంపెనీ పేరు, సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కాల్ పోకపోతే ముందు రీచార్జి చూడండి, తర్వాత వోల్టే చూడండి. కాల్స్ బాగుండి ఇంటర్నెట్ ఒక్కటే రాకపోతే అది సెట్టింగుల్లో ఏపీఎన్ అనే చిన్న పేరు గొడవ. కంపెనీకి ఫోన్ చేస్తే చెప్తారు. పిన్ అడిగితే మాత్రం తొందరపడకండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుంటుంది. తర్వాత పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది. అది పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక లేవదు.

ఓపిక పట్టాల్సిన సందర్భం కూడా ఒకటుంది. పాత నంబరే ఉంచుకుని సిమ్ మాత్రం మార్చారనుకోండి. పాతది ఆగి, కొత్తది మొదలవడానికి కొంత సమయం పడుతుంది. మొదలయ్యాక కూడా 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. ఇది టెలికాం శాఖ కావాలని పెట్టిన కట్టడి. ఎవరైనా మోసగాడు మీ పేరుతో సిమ్ తీసుకుంటే, వెంటనే మీ బ్యాంకు ఓటీపీలు వాడికి అందకుండా ఈ గడువు. ఇది తెలియక ఎస్సెమ్మెస్ రావట్లేదని పాత ఫోనుని తిట్టుకుంటారు. ఫోన్ తప్పు లేదు. ఒకరోజు ఆగండి. అలాగే 2024 జులై నుంచి, సిమ్ మార్చాక ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి పోర్ట్ పెట్టడానికి వీల్లేదు. ముందు పరీక్ష చేయకుండా సిమ్ మార్చి, అది పొసగదని తేలాక కంపెనీ మారదామనుకుంటే వారం రోజులు కాచుకోవాలి. వరస తప్పితే పడే జరిమానా ఇది.

ఇంత తాపత్రయం దేనికి, కొత్త 4జీ బటన్ ఫోన్ వెయ్యి రూపాయలకి దొరుకుతుంది కదా అని అడిగేవాళ్లుంటారు. మాట నిజమే. 2023లో జియోభారత్ ఫోన్ 999 రూపాయలకే వచ్చింది. అవసరమైతే కొనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆలోచించండి. తప్పు సిమ్‌దైతే కొత్త ఫోన్ కొన్నా కాల్ పోదు. వెయ్యి రూపాయలు పోయాక తప్పెక్కడుందో తెలుస్తుంది. పైగా అలాంటి చవక ఫోనులో ఆ కంపెనీ సిమ్ తప్ప ఇంకోటి పనిచేయదు. రేపు ఆ ఊళ్లో ఆ కంపెనీ సిగ్నల్ బాగాలేకపోతే సిమ్ మార్చే వీలుండదు. పెద్దవాళ్లకి అలవాటైన ఫోన్ అన్నది కూడా చిన్న విషయం కాదు. ఏ బటన్ ఎక్కడుందో వాళ్ల వేళ్లకి తెలుసు. చూపు తగ్గినవాళ్లకి అది పెద్ద ఆధారం. పరీక్షకి ఖర్చు సున్నా. సున్నా ఖర్చుతో తెలిసేదాన్ని వెయ్యి పెట్టి తెలుసుకోవడం దేనికి?

రెండో అభ్యంతరం ఇంకొంచెం బలమైనది. 2జీ ఎలాగూ పోతుంది, పాత ఫోనుని పట్టుకు వేలాడటం ఎందుకు అని. 2జీ, 3జీ పూర్తిగా మూసేసే విధానం తేవాలని జియో ప్రభుత్వాన్ని కోరిన మాట వాస్తవం. వేరే దేశాల్లో ఏం జరిగిందో ఇందాకే చెప్పుకున్నాం. కాబట్టి పాత ఫోనుకి పెద్ద ఖర్చు పెట్టి రిపేరు చేయించకండి అనే నేనూ అంటాను. పరీక్షలో పాసైతే వాడుకోండి. ఫెయిలైతే వదిలేయండి. ఇందులో వేలాడటం ఏమీ లేదు. ఇక మూడోమాట, ఇవన్నీ దుకాణం కుర్రాడే చూసుకుంటాడు అని. కొందరు నిజంగానే ఓపిగ్గా చూస్తారు. కానీ వాళ్లకి సిమ్ అమ్మితేనే కమీషన్. మీ ఫోనులో పనిచేసిందా లేదా అన్నది మీ అవసరం. ఇప్పుడు సిమ్‌కి కాగితం ఫారాలు లేవు, 2024 జనవరి నుంచి అంతా ఆన్‌లైనే. నమోదు పూర్తయిన క్షణం నుంచి ఆ సిమ్ మీ పేరు మీద ఉన్నట్టే. మన రాష్ట్రాల్లో ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములే ఉండాలి. పనిచేయదని సొరుగులో పడేసిన సిమ్ కూడా, కంపెనీ దాన్ని రద్దు చేసేదాకా, ఆ తొమ్మిదిలో ఒకటి. మీ పేరు మీద ఎన్నున్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అందుకే ముందు కాల్, ఆ తర్వాతే ఆధార్.

ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు తిరుగులేనిదా అంటే, కాదు. పక్కింటివాళ్ల సిమ్ పదేళ్ల నాటిది కావొచ్చు, మీకిచ్చేది ఈ ఏటిది కావొచ్చు. మరీ పాత ఫోన్లు అరుదుగా పాత సిమ్‌ని చదివి కొత్తదాన్ని చదవవు. వీలైతే ఈమధ్య తీసుకున్న సిమ్‌తోనే పరీక్షించండి, ఆ అనుమానం కూడా చాలావరకు పోతుంది. పాత సిమ్‌లో పేర్లు, నంబర్లు ఉంటే దాన్ని దుకాణంలో వదిలేసి రాకండి. సర్వీసు ఆగిపోయిన సిమ్‌లోంచి కూడా పేర్లని ఫోనులోకి ఎక్కించుకోవచ్చు. కొత్త సిమ్‌లోకి అవి వాటంతటవి రావు.

చివరిగా బ్యాటరీ మాట. పాత ఫోనులో అది నీరసించి ఉంటుంది. 2జీ ఫోన్ కాల్ చేసే క్షణంలో, టవరు దూరంగా ఉంటే, విడతలు విడతలుగా రెండు వాట్ల దాకా శక్తి వదలాలి. ఊరికే ఉన్నప్పుడు సిగ్నల్ గీతలన్నీ చూపించిన ఫోన్, డయల్ చేయగానే ఆరిపోతుంది. చూసేవాళ్లకి అది సిమ్ తప్పులాగే కనపడుతుంది. అందుకని పరీక్షకి ముందు రాత్రంతా చార్జింగు పెట్టండి. ఫోన్ బయటికి తీసుకెళ్తే చార్జర్ కూడా పట్టుకెళ్లండి. ఆ పాత పిన్ను చార్జర్ ఇప్పుడు దుకాణాల్లో అంత తేలిగ్గా దొరకదు.